బడి వ్యాయామంలో నృత్యం: ఉపాధ్యాయుల శిక్షణ

వ్యాయామ పీరియడ్‌లో పిల్లలచేత నృత్యం చేయించగలిగేలా బడి ఉపాధ్యాయులను తయారుచేయడం ఈ వ్యాసంలోని విషయం. ఇక్కడ నృత్యమంటే తరగతిలో ఉన్న నలభై మందీ ఒకే లయకు ఒకేసారి కదిలే వ్యాయామం. ఇందులో ప్రేక్షకులు ఉండరు, ముందు వరుస ఉండదు, ఎంపికైన పదిమంది పిల్లలు ఉండరు. చేయించేవారు నర్తకులు కానక్కర్లేదు. తమకు వచ్చిన ఒక అడుగును విడదీసి, లెక్కపెట్టి, రానివాళ్లకు అందించడం వాళ్లకు తెలియాలి. ఈ విద్యను విడిగా నేర్పాలి. నృత్యం వచ్చినంత మాత్రాన అది రాదు.

విషయాన్ని సూరత్‌లోని నవాగామ్ నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. చప్పట్లు కొడుతూ వలయంగా తిరిగే రెండు గొప్ప సంప్రదాయాలు, తెలుగువారి బతుకమ్మ, గుజరాతీల గర్బా, ఒకే వీధిలో పక్కపక్కన బతికే చోటు అది.

నవాగామ్, దాని చుట్టుపక్కల

సూరత్ నగరానికి ఆగ్నేయాన ఉధ్నా, లింబాయత్, డిండోలీ పేటలను ఆనుకుని నవాగామ్ ఉంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఈ ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, సాంచాల (మరమగ్గాల) దగ్గర హిందీ, బజారులో గుజరాతీ మాట్లాడతారు. పక్క గల్లీలో ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఇంకో గల్లీలో ఒడియావారు, ఉత్తరప్రదేశ్, బీహార్ వారు కనిపిస్తారు. నగరపాలక సంస్థకు చెందిన నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో కూడా బడులు నడుపుతోంది. ఒక మునిసిపాలిటీ ఇన్ని భాషల్లో చదువు చెప్పించడం దేశంలో అరుదు.

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలవుతుంది. మర్నాడు, ఆశ్వయుజ పాడ్యమినాడు, గుజరాతీల నవరాత్రి మొదలవుతుంది. సద్దుల బతుకమ్మ దుర్గాష్టమికి వస్తుంది, గర్బా నవమి దాకా సాగుతుంది. అంటే ఇంచుమించు అవే రాత్రులు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ చుట్టూ ఒక వలయం, చిల్లుల కుండలో దీపం పెట్టిన గర్బో చుట్టూ ఇంకో వలయం. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. గుజరాత్ గర్బా 2023 డిసెంబరులో యునెస్కో వారి మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. నవాగామ్‌లో పెరిగిన తెలుగు పిల్లకు ఈ రెండూ పరాయివి కావు. అక్కడి పంతులమ్మకూ అంతే. బడిలోకి వచ్చేసరికి మాత్రం అవి రెండూ వార్షికోత్సవంలో ‘ఐటమ్‌’గా మారిపోతాయి. మిగతా రోజుల్లో గేమ్స్ పీరియడ్ అంటే మగపిల్లలకు క్రికెట్టు, ఆడపిల్లలకు అరుగు మీద కబుర్లు.

పాత చుట్టరికం

కర్రలతో ఆడే కోలాటానికీ దాండియా రాస్‌కీ ఉన్న పోలిక వలసతో వచ్చింది కాదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప సేనాని 13వ శతాబ్దం మధ్యలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళిలో మార్గ నృత్తంతో పాటు దేశి నృత్తాలకు కూడా పెద్దపీట వేశాడు. పేరణి, రాసకం, చర్చరి, చిందు, కందుకం వంటి వాటి నడుమ దండరాసకాన్ని కూడా వర్ణించాడు. కర్రలు పట్టుకుని బృందంగా ఆడే ఆట అది. ఓరుగల్లులో ఏడున్నర శతాబ్దాల కిందట పేరు పెట్టి వర్ణించిన ఆట రకమే సూరత్‌లో దాండియా పేరుతో ఎదురవుతుంది. ఓరుగల్లు వైపు నుంచి వెళ్లిన నేతన్న మనవరాలికి ఈ సంగతి చెప్పి చూడండి, కర్రలు పట్టుకునే తీరే మారిపోతుంది. శిక్షణలో చరిత్రకు ఒక గంట కేటాయించాలనడం ఇందుకే. ఎందుకు చేయిస్తున్నామో తెలిసిన టీచరు, ‘ఇది ఆడపిల్లల పని’ అనే మాటకు బదులు చెప్పగలదు. కోలాటం తెలుగు పల్లెల్లో మగవారు ఆడిన ఆట. పేరిణి తాండవం, గుస్సాడీ పురుషులవే. గర్బాలో మగపిల్లలు దిగడానికి సూరత్‌లో ఎవరూ సిగ్గుపడరు.

ఈ ప్రయత్నం కొత్తది కాదు

మన దేశంలో బడిపంతుళ్లకు జానపద నృత్యాన్ని శారీరక శిక్షణగా నేర్పిన తొలి పెద్ద ప్రయత్నం బెంగాల్లో జరిగింది. ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ (1882–1941) బీర్భూమ్‌లో కలెక్టరుగా ఉన్నప్పుడు రాయ్‌బెంశే అనే యోధ నృత్యాన్ని చూశాడు. ఒకనాటి పదాతి సైనికుల సంప్రదాయం అట్టడుగు కులాల మధ్య మిణుకుమిణుకుమంటూ మిగిలి ఉంది. 1932లో ఆయన వ్రతచారి ఉద్యమాన్ని ప్రారంభించాడు. ఆయన ఎంచుకున్న దారి గమనించదగినది. పిల్లల దగ్గరికి నేరుగా పోలేదు. ముందు ఉపాధ్యాయులను శిబిరాలకు పిలిచాడు. అక్కడ వాళ్లు పాడారు, ఆడారు, పలుగూ పారా పట్టి పనిచేశారు, తిరిగి తమ బడులకు వెళ్లి చేయించారు. కుర్చీలో కూర్చునే పంతులు నేలమీద గంతు వేయడానికి ఒప్పుకోవడమే ఆ శిబిరాల అసలు విజయమని నా అభిప్రాయం. బెంగాల్ బడుల్లో వ్రతచారి చాలాకాలం నిలిచింది. అంతకు పుష్కరం ముందే శాంతినికేతన్‌లో రవీంద్రుడు మణిపురి గురువును రప్పించి విద్యార్థులకు ఆ అడుగులు నేర్పించాడు. అది బడివరకే ఆగింది, దత్‌ది ఊళ్లకు పాకింది.

అమెరికాలో మార్గరెట్ హెచ్‌డబ్లర్ కథ వేరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆవిడ బాస్కెట్‌బాల్ నేర్పేది. స్త్రీల వ్యాయామ విభాగానికి పనికొచ్చే నృత్యం ఏదైనా ఉందేమో చూసి రమ్మని 1916లో న్యూయార్క్ పంపారు. అక్కడి నృత్య పాఠాలేవీ ఆవిడకు నచ్చలేదు. ఒకరు చేసింది మిగతావారు అనుకరించడమే తప్ప ఒంటిని అర్థం చేసుకునే పద్ధతి వాటిలో కనిపించలేదు. తిరిగివచ్చి తరగతిలో అస్థిపంజరం పెట్టి, విద్యార్థినులను నేలమీద పడుకోబెట్టి, కీలు ఎక్కడెక్కడ ఎంతెంత తిరుగుతుందో ముందు తెలుసుకోమంది. 1926లో అక్కడ నృత్యంలో డిగ్రీ కోర్సు మొదలైంది. అమెరికాలో అదే మొదటిది, అదీ వ్యాయామ విభాగంలో. హెచ్‌డబ్లర్ వృత్తిరీత్యా నర్తకి కాదు. ‘నాకు డాన్సు రాదండీ’ అనే మన పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయ) సార్లకు ఆవిడ పేరు గుర్తుండాలి.

ఇంగ్లండులో 1909 నాటి వ్యాయామ పాఠ్యక్రమంలోనే నృత్యాలకు చోటిచ్చారు. జర్మనీ వదిలి 1938లో అక్కడికి చేరిన రుడాల్ఫ్ లాబాన్ 1948లో బడి నృత్యం మీద రాసిన పుస్తకం ఉపాధ్యాయ శిక్షణను చాలాకాలం ప్రభావితం చేసింది. ఇప్పటికీ అక్కడి ప్రాథమిక తరగతుల్లో నృత్యం వ్యాయామ పాఠ్యక్రమంలో భాగమే. జపాన్ 2012 నుంచి మాధ్యమిక పాఠశాల మొదటి రెండేళ్లలో నృత్యాన్ని బాలురకూ బాలికలకూ వ్యాయామంలో తప్పనిసరి చేసింది. నేర్పేవాళ్లకే రాకపోవడంతో అక్కడి వ్యాయామ ఉపాధ్యాయులు నృత్య శిక్షణకు పరుగెత్తవలసి వచ్చింది. తప్పనిసరి ముందు, తయారీ తర్వాత అయితే ఇదే జరుగుతుంది.

మన నిబంధనల్లో నృత్యం ఎక్కడుంది

వ్యాయామ ఉపాధ్యాయ విద్యకు మన దేశంలో వందేళ్లు దాటాయి. హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ కళాశాలను 1920లో స్థాపించాడు. గ్వాలియర్ లక్ష్మీబాయి కళాశాల 1957లో వచ్చింది. గుజరాత్‌లో వ్యాయామ ఉద్యమానికి ఆద్యుడు ఛోటుభాయి పురాణీ. ఆయన పేరుతో రాజ్‌పిప్లాలో వ్యాయామ కళాశాల ఉంది. ఈ విద్య ఆటలు, పరుగులు, కసరత్తుల మీద నిలబడింది. లయ పూర్తిగా లేకపోలేదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో వ్యాయామ ఉపాధ్యాయుల డిగ్రీ బీపీఎడ్ రెండేళ్ల కోర్సు అయింది. అందులో లెజీమ్, టిప్రీ, డంబెల్స్, ఏరోబిక్స్ వంటివి సామూహిక ప్రదర్శన విన్యాసాలుగా ఉన్నాయి. టిప్రీ అంటే మన కోలాటం కర్రల వంటివే. చిక్కల్లా ‘ప్రదర్శన’ అనే మాటలో ఉంది. ఆగస్టు 15న మైదానంలో వరుసలు కట్టించడానికి నేర్చుకున్నది ఆగస్టు 16న పీరియడ్‌లో ఎలా వాడాలో తెలియదు.

కోర్సులో చేరే ద్వారం కూడా చూడాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల పీఈసెట్‌లో 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, దూకడం, ఒక ఆటలో నైపుణ్యం పరీక్షిస్తారు. లయకు మార్కులు లేవు. కండబలం, వేగం చూసి ఎంచుకున్నవారి నుంచి నృత్యం ఆశిస్తే వారిది కాని భారం వారి మీద వేసినట్టే. ఆ భారం ఎత్తుకోగలిగేలా చేయడం శిక్షణ బాధ్యత.

అసలు లోటు ఇంకా కింద ఉంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 6 నుంచి 8 తరగతులున్న బడిలో వందకు మించి పిల్లలుంటేనే వ్యాయామానికి, కళలకు, పని అనుభవానికి పాక్షికకాల బోధకులు ఉండాలి. 1 నుంచి 5 వరకు తరగతి టీచరే సర్వం. గుజరాత్‌లో 2023లో ఖేల్ సహాయక్ పేరుతో వ్యాయామ బోధకులను ఒప్పందం మీద తీసుకోవడం మొదలైనా, ఒకటో తరగతి పాపచేత మొదటిసారి తాళానికి అడుగు వేయించేది లెక్కలు, తెలుగు చెప్పే అదే పంతులమ్మ. అందుచేత శిక్షణ మొదట ఆవిడకే అందాలి. పీఈటీకి ఇచ్చి వదిలేస్తే ప్రాథమిక బడికి చేరదు.

కాగితం మీద ఇప్పుడు అడ్డంకి ఏమీ లేదు. సీబీఎస్‌ఈ 2018లో తెచ్చిన ఆరోగ్య, వ్యాయామ విద్య మార్గదర్శకాల్లో మాస్ పీటీ, యోగాల పక్కనే నృత్యం కూడా ఉంది. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయునికీ ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. కానీ 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆరో తరగతి పుస్తకాల్లో వ్యాయామానికి ‘ఖేల్ యాత్ర’, కళలకు ‘కృతి’ అని రెండు వేర్వేరుగా ఉన్నాయి. నృత్యం కళల పుస్తకంలోకి పోయింది. తప్పేమీ లేదు. అయితే కళల టీచరు లేని బడిలో ఆ పుస్తకం తెరిచేదెవరు? పీఈటీ సారు అది నా పీరియడ్ కాదంటాడు, తరగతి టీచరు సిలబస్ అవలేదంటుంది. నృత్యం రెండు బల్లల మధ్య కిందపడుతుంది. ఎవరిది అనే తగువు మాని ఇద్దరినీ ఒకే శిక్షణకు పిలవడమే దీనికి మందు.

ఇప్పుడున్న సంస్థల్లో ఈ పనికి దగ్గరగా ఉన్నది సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం. 1979లో కమలాదేవి ఛటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్ చొరవతో ఢిల్లీలో ఏర్పడిన ఈ సీసీఆర్‌టీకి ఉదయ్‌పూర్, హైదరాబాద్, గువాహటిలలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులను వివిధ రాష్ట్రాల నుంచి రప్పించి పాటలు, నృత్యాలు, చేతిపనులు నేర్పుతుంది. నాలుగు రాష్ట్రాల టీచర్లు ఒకరికొకరు తమ అడుగులు నేర్పుకోవడం ఈ శిబిరాల్లో మేలైన సంగతి. దీక్షా, నిష్ఠా వంటి ఆన్‌లైన్ శిక్షణలు కొన్ని విషయాలకు బాగానే పనికొచ్చాయి. ఫోన్‌లో వీడియో చూసి మాత్రం కోలాటం ఆడించడం రాదు. ఎదుట ఉద్ది (జోడీగా ఆడేవారు) లేనిదే కోల ఎక్కడ తగలాలి?

శిక్షణలో ఏం జరగాలి

మొదటి రోజు టీచర్లకు కొత్త నృత్యం ఏదీ నేర్పకూడదు. తమకు వచ్చినదే చేయమనాలి. నవాగామ్ వంటి చోట పదిమంది పంతులమ్మలను నిలబెడితే తెలుగావిడ బతుకమ్మ అడుగు, గుజరాతీ ఆవిడ బే తాళీ, త్రణ్ తాళీ (రెండు, మూడు చప్పట్ల గర్బా అడుగులు), మరాఠీ ఆవిడ లెజీమ్ నడక చూపిస్తారు. అడ్డంకి ఆ తర్వాత వస్తుంది. ‘ఇప్పుడు దీన్నే రానివాళ్లకు చెప్పండి’ అనగానే అందరూ ఆగిపోతారు. చిన్నప్పటినుంచీ ఒంట్లో ఉన్నదానికి లెక్క తెలియదు. ఏ కాలు ముందు, చప్పట్లు అడుగుతో పాటా అడుగు తర్వాతా, ఎన్నో దెబ్బకు వంగుతారు? తన అడుగు తనే నెమ్మదిగా వేసుకుంటూ పైకి చెప్పుకోవడం మొదటి రోజు అభ్యాసం. రెండు గంటలు పట్టినా పట్టనివ్వాలి.

లెక్కకు మన దగ్గర మంచి పనిముట్టు ఉంది. ‘ఒకటి రెండు మూడు నాలుగు’ అని అరిస్తే డ్రిల్లు అవుతుంది. ‘తకధిమి’ అంటే నాలుగు దెబ్బలు, ‘తకిట’ అంటే మూడు. గర్బాలో వినిపించే హీంచ్ ఆరు దెబ్బల తాళం, తకిట తకిట అని పలికితే పిల్లల నోటికి వెంటనే పట్టుబడుతుంది. నోటికి వచ్చిన లయ కాలికి త్వరగా వస్తుంది. ముందు పలకడం, తర్వాత కూర్చుని తొడమీద కొట్టడం, తర్వాత నిలబడి నడవడం, చివర చేతులు. ఈ వరస తప్పి చేతులు ముందు నేర్పితే కాళ్లు బిగుసుకుపోతాయి.

కోలాటాన్నే ఒక పాఠంగా దగ్గరనుంచి చూద్దాం. ఆరో తరగతి, 40 మంది. రెండు వలయాలు, ఒక్కొక్కదానిలో 20 మంది. లోపలి ఉద్ది బయటికి తిరిగి, వెలుపలి ఉద్ది లోపలికి తిరిగి ఎదురెదురుగా నిలబడతారు. మొదట వట్టి చేతులు. ‘త’కు తన చప్పట్లు, ‘క’కు ఎదుటివారి కుడి అరచేయి, ‘ధి’కి మళ్లీ తనవి, ‘మి’కి ఎదుటివారి ఎడమ అరచేయి. ఇది కుదిరాక తర్వాతి తకధిమికి వెలుపలి ఉద్ది కుడివైపు ఒక చోటు జరిగి కొత్త జోడీని అందుకుంటుంది. కొత్త టీచర్లు తరచు చేసే పొరపాటు ఇక్కడే. రెండు వలయాలనూ ‘అందరూ కుడికి’ అంటారు. ఎదురెదురుగా నిలబడ్డవారి కుడి ఒకే దిక్కు కాదు. ఇద్దరూ కదిలితే ఒకరికొకరు రెండు చోట్లు దూరమై, పక్కన ఉన్న జోడీని దాటేసి ఆ పైవారి ముందు తేలతారు. సగం మంది వెనక్కి వస్తారు, సగం మంది ముందుకు పోతారు, పాట నడుస్తూనే ఉంటుంది, వలయం చెదిరిపోతుంది. ఒక వలయాన్ని నిలిపి ఒకదాన్నే కదపాలన్న చిన్న సంగతి తెలిసిన టీచరు ఆ పూట గెలుస్తుంది. ఇలాంటివి పుస్తకంలో చదివితే గుర్తుండవు. శిక్షణలో టీచర్లనే రెండు వలయాలుగా నిలబెట్టి ఒకసారి చెదరనివ్వాలి.

చేతుల తర్వాత చుట్టిన పాత పేపరు, ఆ తర్వాతే కర్ర. కోల పొడవుకు పాత కొలత మూర, మోచేతి నుంచి వేలికొస దాకా. ఎవరి కోల వారి మూరకు ఉండాలి. పెద్దవాళ్ల కోలలు మూడో తరగతి పిల్లలకిస్తే దెబ్బ పక్కవాడి కణతకు తగులుతుంది. కొసలు గుండ్రంగా చెక్కి ఉండాలి, చీలిన కర్రను అక్కడికక్కడే తీసేయాలి. పిల్లలు బేసి సంఖ్యలో ఉంటే మిగిలినవారిని పక్కన కూర్చోబెట్టకుండా డప్పు చేతికివ్వాలి, లేదా టీచరే ఉద్దిగా దిగాలి. కోలాటం పెద్దలు ఒక్కో అడుగుల అల్లికను ‘కోపు’ అంటారు. ఏడాదికి నాలుగు కోపులు చక్కగా వస్తే చాలు.

వలయం కొత్త టీచరుకు గొప్ప ఆసరా. వరుసల్లో నిలబెట్టి ఎదురుగా నిలబడి చూపిస్తే కుడిఎడమలు తారుమారవుతాయి. తాను ఎడమకు కదులుతూ ‘కుడి’ అనే అద్దం పద్ధతి అలవాటు కావడానికి రోజులు పడుతుంది. వలయంలో ఆ బాధ లేదు. టీచరు కూడా అందరిలో ఒకరు, ఆవిడ పాదాలు అందరికీ కనిపిస్తాయి, ఎవరు తడబడుతున్నారో ఆవిడకూ కనిపిస్తుంది. సిగ్గరి పిల్ల దాక్కునే వెనక వరుస ఉండదు.

వ్యాయామంగా దీని విలువ ఎంత అని అడిగేవారు ఉంటారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. క్రికెట్టులో ఒకడు బ్యాటింగ్ చేస్తుంటే ఎక్కువమంది నిలబడి ఉంటారు. వలయంలో అందరూ పీరియడ్ పొడుగునా కదులుతారు. మొదటి కాలంలో మొదలుపెట్టి రెండో కాలంలోకి తెచ్చేసరికి గుండె ఎలా కొట్టుకుంటుందో ఆడినవారికి తెలుసు. చివరి ఐదు నిమిషాలు మళ్లీ నెమ్మదించి ఆపాలి, ఒక్కసారిగా ఆపకూడదు. సూరత్ సముద్రపు ఉక్కపోతలో ఈ పీరియడ్ ఉదయమే పెట్టుకోవడం, నీళ్లకు విరామం ఇవ్వడం కూడా శిక్షణలో చెప్పాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మైదానం బురదైనప్పుడు బంతాటలు ఆగిపోతాయి. బెంచీలు గోడకు జరిపితే గదిలోనే రెండు చిన్న వలయాలు పడతాయి.

చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడికి కదలని లోపలి ఉద్దిలో చోటిస్తే జోడీలే అతని దగ్గరికి వస్తాయి. వినిపించని పాపను డప్పుకు దగ్గరగా నిలబెడితే దెబ్బ ఒంటికి తెలుస్తుంది, ఎదుటి ఉద్ది చేతులు మిగతాది చెబుతాయి. ఇవి దయతో చేసే సర్దుబాట్లుగా కాక పాఠం అల్లికలోనే ఉండాలి.

మార్కులు ఎలా వేయాలన్నది టీచర్లు ప్రతి శిక్షణలోనూ అడుగుతారు. అందంగా చేసినవారికి ఎక్కువ వేస్తే మళ్లీ వార్షికోత్సవం తలుపు తెరిచినట్టే. చూడవలసినవి మూడు: లయ తప్పినా తిరిగి అందుకోగలుగుతున్నారా, పక్కవారికి తగలకుండా తన చోటు కాపాడుకుంటున్నారా, రానివారు ఉద్దిగా వచ్చినప్పుడు ఆగి అందిస్తున్నారా. సినిమా పాటకు అడుగులు చూపించి నెల రోజులు రుద్దే పద్ధతిలో ఈ మూడింటిలో ఏదీ పెరగదు. అందుకే ఈ శిక్షణలో వేదిక మీది ప్రదర్శనతో ముగింపు పెట్టకూడదు.

డబ్బు సంగతి చిన్నదే. సమగ్ర శిక్షా కింద ఆట వస్తువులకు ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయలు, ప్రాథమికోన్నతకు 10,000 రూపాయల వరకు ఇస్తారు. కోలలు, ఒక డప్పు, ఒక ఢోలక్ అందులోనే వస్తాయి, కొన్నేళ్లు మన్నుతాయి. ఖర్చు పెట్టవలసింది మనిషి మీద. శిక్షణ ఇచ్చినవారు నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఇంకోసారి బడికి వెళ్లి అదే టీచరు పక్కన వలయంలో నిలబడాలి. మొదటిసారి వెళ్లినప్పుడు టీచరు మధ్యలో నిలబడి గొంతు చించుకుంటూ ఉంటుంది. రెండోసారి వెళ్లేసరికి తకధిమి పిల్లలే పలుకుతుంటారు. టీచరు వెలుపలి ఉద్దిలో, కొత్తగా చేరిన పిల్లకు ఎదురుగా, రెండు చేతులూ చాపి నిలబడి ఉంటుంది.